వరస కలవని చదువు

మధ్య జావాలో మా ఊరి యూనివర్సిటీలో వెనింగ్ మేడం చెప్పే సబ్జెక్టు పేరు బయోఇన్ఫర్మాటిక్స్. వరిలోనో వానపాములోనో దాగిన జన్యువుల రాతను కంప్యూటర్ చేత చదివించే విద్య అది. ఈ సంగతి పెళ్లిళ్లలోనూ బస్సుల్లోనూ అందరికీ ఓపిగ్గా చెప్పి, చెప్పి, చివరికి విసిగి "కంప్యూటర్ టీచర్ని" అనడం మొదలుపెట్టింది. డిగ్రీ జీవశాస్త్రంలో, పీజీ కంప్యూటర్లలో చేసింది. రెండూ వచ్చిన మనిషి కనుక నెత్తిన పెట్టుకుంటారనుకుంది, పిచ్చితల్లి. జీవశాస్త్రం వాళ్లు ప్రింటర్ మొరాయిస్తే ఆమెను పిలిచేవారు. కంప్యూటర్ వాళ్లు గదిలోకి తొండ దూరితే ఆమెను పిలిచేవారు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అదీ ఆవిడ పరిస్థితి.

ఉద్యోగం ఏళ్ల తరబడి కాంట్రాక్టే. డిసెంబరు వచ్చిందంటే ఉంటుందో ఊడుతుందో అని గుండె దడ. వాళ్లమ్మ తుమిరా ఇంటి ముందు సోయాగింజలు పులియబెట్టి చేసే టెంపే పలకలు పిండిలో ముంచి, మెత్తమెత్తగా వేయించి అమ్ముతుంది. "నా బాణలికున్న భరోసా నీ సర్టిఫికెట్లకు లేదేమే!" అని కూతుర్ని దెప్పేది. ముప్పై అయిదు దాటితే పర్మనెంటుకు దరఖాస్తు పెట్టే వీలే లేదు. వెనింగ్‌కి అప్పటికి ముప్పై రెండు.

ఆ ఏడాదే పోస్టు పడింది. శాఖాధిపతి సుదర్మోనో ఆమెను పిలిచి, "అమ్మా వెనింగ్, నీ సబ్జెక్టుకే పర్మనెంటు! అయితే దరఖాస్తులు వడపోసే ప్రోగ్రాం నువ్వే రాసిపెట్టాలి. ఈ బిల్డింగులో నీకు తప్ప ఎవరికొచ్చు?" అన్నాడు.

నిబంధన ఒక్కటే. డిగ్రీ, పీజీ ఒకే వరసలో, అంటే ఒకే శాస్త్రంలో ఉండాలి. మా జావాలో పెళ్లికి పుట్టిన వారాలు కలవాలి, ఉద్యోగానికి చదువులు కలవాలి.

"సార్, రెండు శాస్త్రాలు కలిస్తేనే ఈ సబ్జెక్టు పుట్టింది. ఒకటే చదివినవాడికి ఇది ఎలా వస్తుంది?"

"వస్తుందా రాదా అని రూలు అడగలేదమ్మా. వరస అడిగింది."

వెనింగ్ ప్రోగ్రాం రాసింది. సరిగ్గా పనిచేస్తోందా లేదా చూద్దామని ముందు తన దరఖాస్తే వేసింది. 'అర్హత లేదు' అని ఎర్రగా వచ్చింది. ఆ ఎరుపు కూడా ఆమె ఏరికోరి పెట్టిందే. ప్రోగ్రాంలో ఒక్క వాక్యం మారిస్తే చాలు, తను గట్టెక్కుతుంది. పట్టుకునేవాడు ఊళ్లోనే లేడు. కానీ దొడ్డిదారిన వచ్చానని జన్మంతా తనను తానే దెప్పుకోవాల్సి వస్తుందని మార్చలేదు. ఆ నిజాయితీ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వచ్చిన దరఖాస్తుల్లో ఒక్కటే నెగ్గింది. త్రిస్నో అనే ఆయనది. డిగ్రీ చేపల పెంపకం, పీజీ చేపల పెంపకం. రెండు చదువులూ ఒకదానితో ఒకటి కలవాలన్నారు గానీ, సబ్జెక్టుతో కలవాలని రూల్లో ఎక్కడా లేదు మరి.

చేరిన రోజే త్రిస్నో ఆమె దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మేడం, చేపల సంగతి అడగండి, గుడ్డు నుంచి కూర దాకా చెబుతాను. ఇదేదో బయో అంటున్నారు... ఇది చెరువులో ఉంటుందా, గట్టు మీద ఉంటుందా?"

మనిషి మంచివాడు. అందుకే ఆమెకు తిట్టుకునే సుఖం కూడా దక్కలేదు.

సుదర్మోనో ఓదార్చాడు. "బాధపడకు. జీవశాస్త్రంలో ఇంకో పీజీ చెయ్యి, వరస కలిసిపోతుంది. రెండేళ్లే కదా, వయసు దాటకముందే ఇంకో పోస్టు పడుతుంది." ఆమెకు వేరే దారి లేదు. అదే యూనివర్సిటీలో పొద్దున టీచరు, మధ్యాహ్నం స్టూడెంటు అయింది. చివరి టర్ములో ఒక తప్పనిసరి పేపరు ఉంది. బయోఇన్ఫర్మాటిక్స్ పరిచయం. చెప్పేది త్రిస్నో.

"సార్, ఆ పేపరుకు సిలబస్ తయారుచేసిందే నేను. మినహాయింపు ఇవ్వండి."

"నువ్వే చేశావుగా, ఇంకా సులువు!" అన్నాడు సుదర్మోనో.

మొదటి క్లాసులో త్రిస్నో చెమటలు కక్కాడు. రెండో క్లాసుకు ముందే ఆమెను వరండాలో పట్టుకున్నాడు. "మేడం, పిల్లలు అడిగేది నాకు ప్రశ్నో తిట్టో కూడా తెలియట్లేదు. ఈ వారానికి మీరు చెప్పేయండి, మీ కాళ్లు పట్టుకుంటా." ఆ వారం కాస్తా టర్మంతా అయింది. తోటి విద్యార్థులు తన పాఠాన్ని తప్పుగా నేర్చుకోవడం చూడలేక ఆమె చెప్పింది, అంత బాగా ఎన్నడూ చెప్పలేదు కూడా. త్రిస్నో వెనక బెంచీలో కూర్చుని బుద్ధిగా రాసుకున్నాడు.

పరీక్షల ముందు హాజరు లెక్క తేలింది. విద్యార్థులు బెంచీల దగ్గరున్న మిషన్ మీద వేలు పెడితేనే హాజరు. పాఠం చెప్పే ధ్యాసలో వెనింగ్ వేలు పెట్టడమే మరిచింది. హాజరు చాలదు, పరీక్షకు అర్హత లేదు. అదే ఎరుపు. ఆ ప్రోగ్రామూ ఆమె రాసిందే.

"నేను ప్రతి క్లాసులో ఉన్నాను సార్! ఈ పేపరు పోతే ఏడాది పోతుంది. అప్పటికి నాకు వయసు దాటిపోతుంది."

"ఉన్నావా? ఎక్కడ?"

"బోర్డు దగ్గర."

సుదర్మోనో నిజంగానే నొచ్చుకున్నాడు. "అయ్యో, స్టూడెంటు ఉండాల్సింది బెంచీ మీద కదమ్మా. నా చేతిలో ఉంటే ఇచ్చేవాణ్నే. ప్రోగ్రాం ఒప్పుకోవట్లేదు. నువ్వు మరీ గట్టిగా రాశావు."

త్రిస్నో వచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పోతూ పోతూ ప్రశ్నపత్రం కూడా ఆమె చేతే రాయించుకున్నాడు.

పరీక్ష రాసే పని లేదు కనుక ఖాళీగానే ఉంటుందని ఆ రోజు హాల్లో కాపలా డ్యూటీ ఆమెకే వేశారు. వెనింగ్ లోపలికి రాగానే అందరూ లేచి నిలబడ్డారు. ఆమె కూర్చోమంది, ప్రశ్నపత్రాలు పంచింది, హాజరు పట్టీ తీసుకుని బెంచీల వెంట నడిచింది. మూడో వరసలో ఒక చోటు ఖాళీగా ఉంది. హాజరు లెక్క తేలకముందే అక్కడ అతికించిన చీటీ మీద తన పేరు ఒకసారి చదువుకుంది. పట్టీలో ఆ పేరు ఎదుట 'గైర్హాజరు' అని రాసి, కింద సంతకం పెట్టింది.