ఒక కాలికి కొత్త బూటు

మా ఆవిడా నేనూ ఒకే సైజు చెప్పులు తొడుక్కుంటాం. పెళ్ళయిన కొత్తలో ఇది ఆమెకు నామోషీగా ఉండేది. ఇప్పుడు ఎవరివి ఎవరు వేసుకుపోయారన్న తగువు లేకుండా మా ఇంట్లో తెల్లవారదు. స్ప్రింగు బూట్ల వ్యవహారంలో నా నడుము పట్టేయడానికి కూడా మూలం ఈ సైజే.

ఆమె పరుగు మనిషి. నలభై దాటాక మొదలుపెట్టింది. పాఠాలు చెప్పడానికి బడికి వెళ్ళే ముందు మేముండే స్మృతి నగర్ వీధులన్నీ చుట్టి వచ్చి, చెమటతో నా మంచం పక్కన నిలబడి, "లేవండి, ప్లాంటు పిలుస్తంది" అనేది. పోయిన వానాకాలం కుడి మోకాలు నొప్పి పెట్టి పరుగు ఆపేసింది. ఎముకకు ఏమీ కాలేదు, మెల్లగా మళ్ళీ మొదలుపెట్టవచ్చని డాక్టరు చెప్పినా ఆమెకు ధైర్యం చాలలేదు. అదే వేళకు లేచి, టీ గ్లాసు పట్టుకుని మెట్టు మీద కూర్చుని, వీధిలో పరిగెత్తేవాళ్ళను చూసేది. అలా చూస్తున్న ఆమెను చూస్తే నా గుండె తరుక్కుపోయేది.

అప్పుడే ఈ హిందీ ఊళ్ళోని సుపేలా బజారులో ఆ బూట్లు కనిపించాయి. మడమ కింద నిజంగానే ఉక్కు స్ప్రింగులు, పక్కనుంచి చూస్తే కనబడుతున్నాయి. "పెహనా దో సార్, దీదీ ఘుట్నా భూల్ జాయేగీ" అన్నాడు దుకాణదారు. తొడిగితే చాలు, మోకాలున్న సంగతే మర్చిపోతుందట. అమ్మేవాడి మాట నమ్మడం నా ఒంట్లో లేదు. కానీ స్ప్రింగును నొక్కితే వేలికి ఎదురు తిరిగింది. మనిషి బరువు పడితే ఇది ఎంత దిగుతుంది, ఎంత తిరిగి నెడుతుంది, మోకాలికి చేరాల్సిన దెబ్బ మరి ఎక్కడికి పోతుంది? ఇంటిదాకా అదే ఆలోచన. బూట్లు మాత్రం చంకలోనే ఉన్నాయి.

ఆమె వాటిని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేసింది.

"ఇవేసుకున్నా నొప్పొచ్చిందంటే, ఇంక నేను పరిగెత్తనండి" అంది.

అన్నదంటే అన్నట్టే. బూట్లు పనికిరాకపోతే ఆమె పరుగు అక్కడితో సరి. అందుకే ముందు నేను పరీక్షిస్తానన్నాను.

ఉక్కు ప్లాంటులో నాది మెయింటెనెన్సు పని. కొత్త రకం బేరింగు వస్తే, పక్కపక్కనున్న రెండు పంపుల్లో ఒకదానికి కొత్తది వేస్తాం, రెండోదానికి పాతదే ఉంచుతాం. రెండూ నడుస్తుంటే ఏది వేడెక్కుతోందో, ఏది వణుకుతోందో చూస్తాం. ఇంతకన్నా నిఖార్సయిన పరీక్ష లేదని నా నమ్మకం. ఆ ప్రకారమే కుడికాలికి స్ప్రింగు బూటు, ఎడమకాలికి నా పాత బూటు తొడిగి వీధిలోకి దిగాను.

భలేగా ఉంది. కుడికాలు మెత్తగా దిగి పైకి లేచేది, ఎడమకాలు దభీమని నేలకు తగిలేది. తేడా ఇంత స్పష్టంగా తెలుస్తున్నందుకు మహా సంతోషపడ్డాను. వైశాలి నగర్ వైపు మలుపు తిరిగేదాకా ఆ సంతోషం నిలిచింది. అక్కడ నడుము కలుక్కుమంది. ఆటోలో ఇంటికొచ్చాను.

మంచం మీద బోర్లా పడుకోబెట్టి బూట్లు విప్పబోతూ ఆమె ఆగిపోయింది.

"ఏటండీ ఇది, కాలికోటి?"

పంపుల సంగతి చెప్పాను.

"పంపులు రెండూ దేనికదే గదా. కాళ్ళు రెండూ ఒక్క మనిషివే. ఓటి ఎత్తూ ఓటి పల్లమూ అయితే నడుం పట్టెయ్యదేటి మరి?"

ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు, అంత చిన్న విషయం నాకు తోచనందుకు. ఆమె మాత్రం బామ్ రాస్తూ నవ్వుతూనే ఉంది. వానాకాలం నుంచీ అలా నవ్వడం వినలేదు.

మర్నాడు పొద్దున్న వీధి తలుపు చప్పుడైంది. గుమ్మం దగ్గర అడుగులు. మా పనిలో స్క్రూడ్రైవరు కొస యంత్రానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని లోపలి రోగం వింటాం. కదల్లేని నేను కిటికీలోంచే విన్నాను. ఎడమ అడుగు గట్టిగా, కుడి అడుగు భయంభయంగా. మలుపు దగ్గర చప్పుడు వినబడకుండా పోయింది. ఎక్కడైనా కూలబడిందేమోనని కిటికీకేసి చెవి రిక్కించాను. ఎప్పటికోగాని మళ్ళీ వినిపించలేదు. ఈసారి రెండడుగులూ ఒకేలా ఉన్నాయి.

చెమటతో వచ్చి మంచం పక్కన నిలబడింది.

"స్ప్రింగు పని చేస్తోందా? దెబ్బ తగ్గినట్టుందా?" ఆత్రంగా అడిగాను.

"ఏమోనండి, అదేటీ సూడనేదు. మలుపు దాటాక మోకాలి సంగతే మర్చిపోయాను."

అది స్ప్రింగు మహిమో, ఇన్నాళ్ళ విశ్రాంతి ఫలితమో, నా అవతారం చూసి నవ్వుకున్న నవ్వో, తేల్చుకోవాలని ఇప్పటికీ మనసు పీకుతుంది. ఒక్కరోజు పాత బూట్లతో పరిగెత్తి చూడమని అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఆమె ముఖం చూసి ఊరుకున్నాను.