మా అన్నయ్య అనుమానాలూ, మా అమ్మాయి పళ్ళూ

అనుమానం ముందు పుట్టి ఆ తరవాత మనిషి పుట్టాడని లోకంలో చాలామందిని అంటూంటారు. మా అన్నయ్య విషయంలో అది అక్షరాలా నిజం. పుట్టగానే ఏడవకుండా మంత్రసానిని ఎగాదిగా చూశాడని మా అమ్మ చెప్పేది.

పాలవాడు పాలలో నీళ్ళు కలిపితే పాలను అనుమానిస్తాడు. కలపకపోతే, "ఇవాళ కలపలేదంటే ఏదో ఉంది" అని పాలవాణ్ణి అనుమానిస్తాడు. మా గడియారం సరిగ్గా నడుస్తోందా అని పక్కింటికి వెళ్ళి వాళ్ళ గడియారం చూసొస్తాడు. రెండూ ఒకే టైము చూపిస్తే, "కూడబలుక్కున్నాయి" అంటాడు. దేవుడికి దణ్ణం పెట్టేటప్పుడు కూడా ఒక కన్ను తెరిచే ఉంచుతాడు.

"అదేం భక్తి అన్నయ్యా?" అన్నానొకసారి.

"ఆయన వింటున్నాడో లేదో చూసుకోవద్దూ?" అన్నాడు.

అప్పటినుంచీ అన్నయ్య తరఫున కూడా నేనే ఒక దణ్ణం ఎక్కువ పెట్టుకుంటున్నాను.

బుద్ధికి తగ్గ ఉద్యోగమే దొరికింది. బట్టల మిల్లు గేటు దగ్గర, పని దిగి ఇళ్ళకు వెళ్ళేవాళ్ళ సంచులు చూసే పని. అన్నయ్య సంచి విప్పేవాడు కాదు. చేత్తో ఒకసారి ఊపి, లోపల ఏముందో చెప్పేవాడు. "అన్నం డబ్బా, గొడుగు, కళ్ళజోడు. కళ్ళజోడుకి కాడ వదులైంది, బిగించుకో. ఇక వెళ్ళు." రిటైరై మా ఇంటికి వచ్చాక మా వీధి గుమ్మమే ఆయన గేటయింది. మా ఆయన ఆఫీసునుంచి వచ్చి, ఎవరూ అడక్కుండానే సంచి ముందుకు చాపి నిలబడేవారు.

ఇక మా అమ్మాయి సంగతి. దానికి పై పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండేవి. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఇల్లంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నా, దాని చెయ్యి మాత్రం నోటి మీదనుంచి దిగేది కాదు. పళ్ళ డాక్టరమ్మ క్లిప్పులు వేసి, నెలనెలా బిగిస్తూ వచ్చి, ఎట్టకేలకు ఒకరోజు వాటిని తీసేసింది. పిల్ల అద్దంలో చూసుకుని, చెయ్యి అడ్డం లేకుండా నవ్వింది. నాకు కళ్ళు చెమర్చాయి. అన్నయ్య మాత్రం డాక్టరమ్మ ట్రేలోని పరికరాలకేసి గుర్రుగా చూస్తున్నాడు.

"ఇక రిటైనరు పెట్టుకోవాలి" అంది డాక్టరమ్మ.

"చూశావా! తీసిందో లేదో, మళ్ళీ ఏదో పెడతానంటోంది" అని అన్నయ్య నా చెవిలో గుసగుసలాడాడు. ఆయన గుసగుస బయట వరండాలో కూర్చున్నవాళ్ళకు కూడా వినిపిస్తుంది.

డాక్టరమ్మ నవ్వింది. "పళ్ళు ఊరుకోవండీ. వదిలేస్తే మెల్లిగా పాత చోటికి జరగాలని చూస్తాయి. కొత్త చోట్లోనే పట్టి ఉంచాలి."

అన్నయ్య ముఖం వికసించింది. "ఈ మాటే నేను ఎన్నేళ్ళుగానో మొత్తుకుంటున్నాను! ఎవర్నీ నమ్మకూడదు. ఆఖరికి సొంత నోట్లో పంటిని కూడా!"

ఆవిడ బల్లమీద రెండు నమూనాలు పెట్టింది. ఒకటి సన్నని వైరు. దాన్ని పళ్ళ వెనకవైపు అతికించేస్తారు. బయటికి కనబడదు, మనం తీయడానికి రాదు. రెండోది పళ్ళకు అచ్చుగుద్దినట్టు పట్టే గాజులాంటి తొడుగు. తినేటప్పుడూ పళ్ళు తోముకునేటప్పుడూ తీసి డబ్బాలో పెట్టుకోవాలి, మిగతా వేళంతా నోట్లో ఉండాలి.

"ఇందులో ఏది మంచిదండీ?" అన్నాను.

"దేని సుఖం దానిది, దేని తంటా దానిది. వైరైతే పెట్టుకోవడం మరిచిపోయామన్న బాధ ఉండదు. కానీ దాని చుట్టూ పాచి చేరుతుంది, కిందినుంచి దారం దూర్చి ఓపిగ్గా శుభ్రం చేసుకోవాలి. తొడుగైతే శుభ్రం చేయడం సులువు. కానీ పెట్టుకుంటేనే పనిచేస్తుంది. పోగొట్టుకోకూడదు. వేడినీళ్ళు తగిలితే వంకర పోతుంది."

అన్నయ్య వైరును వెలుతురుకు ఎత్తిపట్టి చూశాడు. "ఇది వెనకాల ఊడితే తెలిసేదెలా?"

"నాలుకకు తగులుతుంది. ఒక్కోసారి తెలియకపోవచ్చు కూడా. అందుకే మాకు చూపించుకుంటూ ఉండాలి."

"తెలియకపోవచ్చు కూడా!" అని అన్నయ్య నావైపు అర్థవంతంగా చూసి, తొడుగు అందుకున్నాడు. "ఇది ఎవరు తీసినా వస్తుందా?"

"ఇంకొకరి నోట్లోది ఎవరు తీస్తారండీ?"

"మీరెప్పుడూ గేటు దగ్గర నిలబడలేదు డాక్టరమ్మా. జనం ఏమేం పట్టుకుపోతారో మీకు తెలీదు."

పిల్ల నా కొంగు పట్టుకుంది. "ఇన్నాళ్ళూ అతికించుకున్నది చాలమ్మా. తీసేదే ఇప్పించు. ఒట్టు, పోగొట్టను."

"పోగొట్టావో, ఇక నా దగ్గరికి రాకు" అని తొడుగుకే ఒప్పుకున్నాను.

ఆ రోజునుంచి అన్నయ్య డ్యూటీలో చేరాడు. పిల్ల బడినుంచి రాగానే గుమ్మంలో ఆపి సంచి ఊపేవాడు. ఇంటికి నడిచొచ్చే దారిలో అది ఏదో ఒకటి కొరుకుతూ రావడం అలవాటు కాబట్టి, ఆ వేళకు తొడుగు డబ్బాలోనే ఉండి లొడలొడమనేది.

"ఉంది. లోపలికి రా."

"మావయ్యా, నేనేమన్నా దొంగనా?"

"నువ్వు కాదే చిట్టీ. నాకు నీ పళ్ళ మీద నమ్మకం లేదు."

ఒక శనివారం పొద్దున్న నేను వంటింట్లో ఉండగా అన్నయ్య వచ్చి, గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

"చెల్లీ, చిన్న పొరపాటు జరిగింది. ఆ తొడుగు మీద నాకు అనుమానం వచ్చింది. అది ప్లాస్టిక్కో కాదో తేలుద్దామని మరిగే నీళ్ళలో వేశాను."

"వేసి?"

"ప్లాస్టిక్కే."

"అన్నయ్యా!"

"ముద్దయిపోయింది. పారేశాను."

పెద్దవాడని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు చివాట్లు పెట్టాను. చేతులు కట్టుకుని అన్నీ పడ్డాడు. గుమ్మంలో నిలబడి వింటున్న పిల్ల ముఖం తెల్లబోయింది. "నువ్వయినా జాగ్రత్తగా దాచుకోవద్దుటే?" అని దానిమీదికి తిరగబోయాను.

"దాన్నేమనకు. తిట్టేది తరవాత తిడుదువుగాని, ముందు డాక్టరమ్మ దగ్గరికి పద. ఆలస్యమైతే ఆ పళ్ళు పారిపోతాయి" అని అన్నయ్య అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

డాక్టరమ్మ వరండాలో, వాచిన చెంపకు రుమాలు కట్టుకుని ఒకావిడ కూర్చుని ఉంది. మా పిల్ల బడి భోజనశాలలో వడ్డించే ఆవిడ. అన్నయ్యను చూడగానే నొప్పి కూడా మరిచిపోయింది.

"ఏం పెద్దాయనా, దొరికిందా మీ పిల్ల పళ్ళ తొడుగు?"

అన్నయ్య వీధికేసి తిరిగాడు. "మీరెవరో నాకు తెలీదు."

"అయ్యో రాత! తెలీకపోవడమేంటి? నిన్న నా చెత్త డబ్బాలన్నీ పెరట్లో కుమ్మరించి, చొక్కా చేతులు మడుచుకుని, ఎంగిలి కాగితాలు ఒక్కొక్కటీ విప్పి చూసింది మీరు కాదూ? పిల్లలు తినేముందు తొడుగు తీసి కాగితంలో చుట్టిపెడతారు, తిన్నాక చెత్త కాగితమనుకుని పారేస్తారు, ఇది మామూలే బాబూ అని చెప్పానా లేదా? అంతా అయ్యాక నామీదే అనుమానపడి నా సంచి కూడా ఊపారు!"

నేను అన్నయ్య వైపు తిరిగాను. "మరి మరిగే నీళ్ళన్నావు?"

"అది వేరే తొడుగు."

"ఎవరిది?"

అన్నయ్య వంగి చెప్పులు సవరించుకోసాగాడు. అప్పుడు పిల్ల బావురుమంది. "నేనే పోగొట్టానమ్మా. మొన్న బడిలో భోజనాల దగ్గర. భయమేసి ఎవరికీ చెప్పలేదు. మావయ్యకి కూడా చెప్పలేదు."

"నీకెలా తెలిసింది మరి?" అన్నాను అన్నయ్యతో.

"మొన్న డబ్బా మోగలేదు" అన్నాడు ఆయన, నేరం ఒప్పుకుంటున్నవాడిలా.

"మోగకపోయినా, 'ఉంది, లోపలికి రా' అన్నావుగా? నేను విన్నాను."

"ఏడుపు ముఖంతో వచ్చిన పిల్లని గుమ్మంలో నిలబెట్టి ఏం అడగను? రాత్రి ఇంట్లో భోజనాల దగ్గర చూస్తే మళ్ళీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. చెప్పలేక చస్తోంది. ఇది చెప్పేదాకా మనం ఆగుతాం, పళ్ళు ఆగవు కదా. అదే నేను పాడుచేశానంటే ఎవరికీ అనుమానం రాదు. నేను ఎంత వెధవ పని చేశానన్నా నువ్వు ఇట్టే నమ్ముతావు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పిల్లను దగ్గరికి లాక్కున్నాను. "రాకు అంటే నిజంగానే రాకుండా ఉంటావుటే, పిచ్చిదానా?"

డాక్టరమ్మ పిల్ల నోరు తెరిపించి, అద్దం పెట్టి నింపాదిగా చూసింది.

"ఇంకా జరగలేదు. భయపడి కొన్నాళ్ళు దాచిపెట్టుకుని ఉంటే మళ్ళీ మొదటికి వచ్చేది" అంది. "ఈసారి ఏది పెట్టమంటావు తల్లీ?"

"వైరు. అతికించెయ్యండి."

"రోజూ దారంతో ఓపిగ్గా శుభ్రం చేసుకోవాలి మరి."

"చేసుకుంటాను."

"ఊడిందో లేదో ఎప్పటికప్పుడు అనుమానిస్తూ ఉండాలంటారు" అని అన్నయ్య ముందుకు జరిగాడు.

"అనుమానిస్తే మంచిదేనండీ."

ఇంత చదువుకున్న మనిషి తనతో ఏకీభవించడం అన్నయ్య ఎరగడు. ఆ పూట డాక్టరమ్మను ఇంకేమీ అనుమానించలేదు. వైరు అతికించాక పిల్ల నాలుకతో తడుముకుని, "గరుగ్గా ఉంది మావయ్యా" అని నోరారా నవ్వింది. ఆయన దగ్గరగా వంగి, ఒక కన్ను మూసి, వెనకవైపంతా తనిఖీ చేసి, "ప్రస్తుతానికి ఉంది" అన్నాడు.

బయటికి వచ్చాక మెట్లమీద ఆయన చెయ్యి పట్టుకున్నాను. "అన్నయ్యా, నీ మనసు ఎంత మంచిదో..."

ఆయన చటుక్కున ఆగి, అటూ ఇటూ చూశాడు. "ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరైనా చెప్పాలా? ఆ వడ్డించే ఆవిడ అంతా చెప్పింది కదా."

"చెంప వాచిన మనిషి మాట పట్టుకుంటావా? సాక్ష్యం ఏముంది?"

అంతలో ఆవిడే పన్ను పీకించుకుని, ఒక చేత్తో చెంప, ఇంకో చేత్తో సంచి పట్టుకుని మెట్లు దిగుతోంది. అన్నయ్య గబగబా ఎదురెళ్ళి సంచికోసం చెయ్యి చాపాడు. "ఇటివ్వండి, బస్సు దాకా వస్తాను. ఈ వీధి మనుషుల్ని బొత్తిగా నమ్మడానికి లేదు."

ఆవిడ నోట్లో దూది సర్దుకుంది. ఆయనవైపు అనుమానంగా చూసి, చివరికి సంచి ఇచ్చింది.