గాలి పోయిన సున్న

బండి వెనకచక్రంలో గాలి లేదని ముందుగా తెలిసేది వెనక కూర్చున్నవాళ్ళకే. ఈ సంగతి మా తమ్ముడికి ఇప్పటికీ ఎక్కలేదు. వాడు పదో తరగతి మూడుసార్లు రాశాడు. అంత చదువు చదివినవాణ్ణి ఒప్పించడం ఎవరివల్లా కాదు.

నేను అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. అంతవరకూ బ్యాంకులో నాది వేలిముద్ర. తమ్ముడు సరదా పుట్టినప్పుడల్లా నన్ను ‘వేలిముద్రా’ అనే పిలిచేవాడు. మనవరాలి పాత నోటుపుస్తకాల్లో మిగిలిన పేజీల నిండా నెలల తరబడి నా పేరు రాసుకున్నాను. నా పేరులో ఒక సున్న ఉంది. మిగతా అక్షరాలు ఎటు వంగినా సున్న మాత్రం గాజు పెట్టి గీసినట్టు గుండ్రంగా వచ్చేది. ఇక వేలిముద్ర మానేసి సంతకం పెడతానని చోడవరం బ్యాంకులో చెప్పాను. నమూనా సంతకం కార్డు మీద పెట్టాలి, ఫలానా రోజు భోజనాల వేళ లోపు రమ్మన్నారు.

ఆ రోజు తమ్ముడి మోటారుసైకిలెక్కాను. మాది బుచ్చయ్యపేట మండలంలో ఒక పల్లె. ఊరు దాటిన కాసేపటికే నా కింద బండి బురదలో గేదె నడిచినట్టు ఊగడం మొదలుపెట్టింది. చెప్పాను. రోడ్డు బాగాలేదన్నాడు. మళ్ళీ చెప్పాను. కదలకుండా కూర్చోమన్నాడు. మూడోసారి చెప్పే అవసరం రాలేదు. చెరకుతోటల మధ్య బండి ఇక నడవనంది.

దిగి చూస్తే టైరు రోడ్డుకి అట్టులా అతుక్కుని ఉంది.

“నువ్వు కూకున్న కాడే దిగిపోయింది సూడప్పా,” అన్నాడు. మా వైపు అక్కని అప్పా అనే పిలుస్తారు.

“మరి నన్ను ముందు కూకోబెట్టలేకపోయేవా?” అన్నాను.

వాడు ఫోను తీసి టైరుకి ఫొటో తీశాడు. ఎవరికి పంపాడో, వాళ్ళేం చేశారో నేటికీ తెలియదు. దారిన పోయేవాళ్ళు ఆగారు. ఒకాయన నెమ్మదిగా నడుపుకుంటూ పొమ్మన్నాడు. ఇంకొకాయన అసలు నడపొద్దన్నాడు. మూడో ఆయన మాది ఏ ఊరో, ఎవరింటివాళ్ళమో అడిగి, చుట్టరికం తేల్చుకుని, సంతోషించి వెళ్ళిపోయాడు. ఒక్కడి దగ్గరా గాలిపంపు లేదు.

తమ్ముడు పట్టపగలు ఎండలో ఫోను లైటు వేసి మేకు వెతుకుతున్నాడు. నేను చక్రం తిప్పుతూ అరచెయ్యి ఆనించాను. రెండో తిప్పుకి చేతికి తగిలింది. మేకు దొరికింది గానీ నా చేతులు అన్నం గిన్నె అడుగులా నల్లబడ్డాయి.

వాడు హేండిలు పట్టుకున్నాడు, నేను వెనక నుంచి తోశాను. చోడవరం దాకా పంచరు కొట్టు లేదని, ఈ రోడ్డు మీద తనకి తెలియని కొట్టు లేదని చెబుతూ నడిచాడు. కళ్ళజోడు జేబులో ఉంది. పెట్టుకుంటే ముసలాడనుకుంటారని పెట్టుకోడు. మీసానికి రంగు కూడా అందుకే. ఒక మలుపులో అరటిచెట్ల వెనక రేకుల షెడ్డు కనిపించింది. దాని తలుపు మీద సుద్దతో ఏదో రాసి ఉంది. నిలబడి కూడబలుక్కుని చదివాను. పం... చ... రు.

“ఒరే, ఆగు. పంచరు అని రాసుంది.”

“నువ్వు సదివేవా?” అన్నాడు, బండి పట్టుకుని.

“నీ కళ్ళజోడు జేబులో సదువుకుంటంది కదా. ఎవరో ఒకరు సదవాలి.”

కొట్టతను చక్రం విప్పి ట్యూబు లాగాడు. దారిపొడవునా తమ్ముడు అది కొత్త ట్యూబని చెబుతూనే వచ్చాడు. కొట్టతను దాన్ని నీళ్ళలో ముంచి, బుడగలు చూసి, తలెత్తి, “ఏ అతుకు మీద వెయ్యమంటారు బాబూ?” అని అడిగాడు. తమ్ముడు అరటిగెలలు చూస్తూ నిలబడ్డాడు.

మేం బ్యాంకులో అడుగుపెట్టేసరికి కౌంటరులో అమ్మాయి కేరేజీ మూత తీయబోతోంది. కార్డు తీసింది. నా చేతులు చూసింది. సిరా డబ్బా నా వైపు జరిపి, మళ్ళీ వెనక్కి లాక్కుంది.

“ఇంకు కూడా అక్కర్లేదు మామ్మగారూ, వేలు ఇలా పెట్టేయండి.”

“సంతకం పెడతానమ్మా.”

వెనక మా వాడు నవ్వాడు. కొంగుతో చేతులు తుడుచుకుని పెన్ను పట్టుకున్నాను. అంతదూరం బండి తోసిన వేళ్ళు పెన్ను చుట్టూ సరిగ్గా ముడుచుకోలేదు. మొదటి అక్షరం ఎలాగో గట్టెక్కింది. సున్న దగ్గరికొచ్చి పైనుంచి గుండ్రంగా తిప్పాను. అడుగుకి వచ్చేసరికి పెన్ను చతికిలబడింది. కార్డు మీద సున్న అడుగున చదునుగా కూర్చుంది. మా తమ్ముడి వెనకటైరే.

ఇంకో కార్డిమ్మన్నాను. ఆ అమ్మాయి గడియారం చూసి, చాలా బాగుందని, ఇకమీదట ఎప్పుడు పెట్టినా అచ్చం ఇలాగే పెట్టాలని చెప్పి లేచింది.

ఆ మాట నేను పట్టించుకోలేదు. తర్వాతిసారి వెళ్ళినప్పుడు నా సొంత సున్న, గాజులాంటిది, రాసిచ్చాను. సంతకం కలవడం లేదని కాగితం తిప్పి ఇచ్చారు. అప్పట్నుంచి ఇంట్లో నోటుపుస్తకంలో గుండ్రంగానే రాసుకుంటాను. బ్యాంకులో మాత్రం అడుగుకి రాగానే పెన్ను నొక్కిపెట్టి గాలి తీసేస్తాను. తోడొచ్చిన తమ్ముడు నా భుజం మీంచి తొంగిచూస్తాడు.

“ఏటప్పా, ఇంకా గాలి కొట్టించలేదా?”

“నువ్వు ట్యూబు మార్చిన రోజున కొట్టిస్తాన్లే,” అంటాను.

వాడు ఇంకా మార్చలేదు.