మల్లయ్య మంచం పక్కకు రెండో టీవీ

1986 వానాకాలంలో నేను జనగామ స్టేషన్ రోడ్డులో ఒక రేడియో, టీవీ దుకాణంలో బెంచి మెకానిక్‌గా పని చేస్తున్నాను. బెంచి మెకానిక్ అంటే దుకాణం లోపల బల్ల దగ్గర కూర్చుని, వచ్చిన సెట్టును విప్పి బాగు చేసేవాడు. ఇళ్లకు తిరిగి ఏంటెనా పోళ్లు నిలబెట్టేవాళ్లు మాకన్నా కింద, సేటు మాకు పైన. నేను చదివింది ఐదో తరగతి. వాల్వు రేడియోల కాలంలో ఒక ముసలి మిస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాను. సర్క్యూటు బొమ్మలు చదవడం అంతగా రాదు గాని, ఒకసారి విప్పిన సెట్టు లోపలిది ఏదీ మరిచిపోను. పాలకుర్తి వైపు పల్లెల్లో టీవీ కొనాలనుకున్నవాళ్లు ముందు సారయ్య మిస్త్రీని, అంటే నన్ను, అడుగుదామనేవారు. అంత నమ్మకం ఉండబట్టే ఈ సంగతి జరిగింది.

ఒకరోజు సోమక్క అనే ఆమె దుకాణానికి వచ్చింది. పాలకుర్తి దగ్గరి పల్లె. ఆమె భర్త మల్లయ్య తాళ్లు గీసేవాడు, అంటే తాడి చెట్లెక్కి కల్లు దించేవాడు. ఏడాది కిందట చెట్టెక్కేటప్పుడు నడుముకు కట్టుకునే మోకు జారి మీది నుంచి పడ్డాడు. నడుము కింద చలనం పోయింది, చేతులు మాత్రం బాగున్నాయి. మస్కట్‌కు కూలికి పోయిన మల్లయ్య తమ్ముడు సెలవుకు వస్తూ ఒక రంగుల టీవీ, దానితోపాటు ఒక టీవీ గేమ్ తెచ్చాడు. ఆ రోజుల్లో గేమ్ అంటే పలక అంత నల్ల డబ్బా, దానికి వైర్లతో రెండు పిడులు. టీవీకి తగిలిస్తే తెర మీద ఒక చుక్క అటూ ఇటూ ఎగురుతుంది. రెండు పక్కలా గీతల్లాంటి బ్యాట్లతో దాన్ని కొట్టాలి. అంతే ఆట.

చిక్కేమిటంటే ఇంట్లో టీవీ ఒక్కటే, అది ముందరి అర్రలో ఉంది. మల్లయ్య మంచం లోపలి అర్రలో. సినిమా వచ్చే రోజు వాడ జనమంతా ఆ ముందరి అర్రలోనే కూర్చునేది. మిగతా రోజులు సోమక్క మామ దాని ముందు నుంచి లేచేవాడు కాదు.

"బాపును లేవుమంటే ఊకుంటడా అన్నా? గాయిన వార్తలు గాయినకు గావాలె. ఈయనేమో పొద్దుందాక దూలాలు లెక్కవెట్టుకుంట పండుతడు," అన్నది సోమక్క. "మంచం కాడికి తక్కువల ఒక చిన్న టీవీ చూడు. బొమ్మ మంచిగ లేకున్నా నడుస్తది, ఆ బంతి కానస్తే సాలు."

అప్పట్లో పాత టీవీ ఏరడానికి నాకొక పద్ధతి ఉండేది. ముందు గేమ్ సిగ్నల్ ఏ ఛానెల్ మీద వస్తుందో ఆ ఛానెల్ టీవీలో ఉందా అని చూడాలి. కొన్ని పాత సెట్లలో ఉండేది కాదు. తర్వాత సైజు. చేతికందే దూరంలో పడుకుని చూసే మనిషికి పద్నాలుగు అంగుళాలు చాలు, ఇరవై అంగుళాలు కళ్లకు బరువు. బొమ్మ కిందికీ పైకీ జారినప్పుడు ఆపే మర ముందు వైపు ఉండాలి. వెనక ఉంటే ఇంట్లో ఆడవాళ్లు టీవీని తిప్పలేక పరేషాన్ అవుతారు. అన్నిటికన్నా ముఖ్యం పిక్చర్ ట్యూబు.

దుకాణంలో అప్పుడు పాతవి రెండు సెట్లు ఉన్నాయి. ఒకటి ఇరవై అంగుళాలది, తలుపులున్న చెక్క పెట్టె. చూడ్డానికి బీరువాలా ఉన్నా ట్యూబు గట్టిది. రెండోది పద్నాలుగు అంగుళాల బ్లాక్ అండ్ వైట్, చూడముచ్చటగా ఉంది. నా పద్ధతిలో మొదటి మూడు లెక్కలకూ అది సరిపోయింది. కాని దానికి మూడు వారాల ముందు బూస్టర్ కట్టింది నేనే.

బూస్టర్ సంగతి చెప్పాలి. ట్యూబు వెనక సన్నటి మెడలో ఒక తీగ వేడెక్కితేనే తెర మీద వెలుగు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ట్యూబు నీరసిస్తుంది, మొహాలు వెండి పూత పూసినట్టు కనిపిస్తాయి. అప్పుడు ఆ తీగకు మామూలు కన్నా కొంచెం ఎక్కువ కరెంటు అందేలా అగ్గిపెట్టె అంత ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కడతాం. బొమ్మ కొత్తదానిలా మెరుస్తుంది. ఆ మెరుపు కొన్ని నెలలే ఉండొచ్చు, ఏడాదైనా ఉండొచ్చు. తర్వాత ట్యూబు పూర్తిగా చచ్చిపోతుంది. బూస్టర్ ఉన్న సెట్టు అమ్మేటప్పుడు ఆ మాట చెప్పాలన్నది నాకు పని నేర్పిన మిస్త్రీ పెట్టిన కట్టడి. మా సేటు దాన్ని కొంచెం మార్చాడు. "అడిగితే చెప్పు. అడగకుంటే నీకెందుకు?" అనేవాడు.

సోమక్క అడగలేదు. బూస్టర్ అనేది ఒకటుంటుందని ఆమెకెలా తెలుస్తుంది? ఈయన రోజుకు ఒక గంట ఆడతాడేమో, ఇంకో రెండేళ్లు నడుస్తుందిలే అని నాకు నేనే చెప్పుకుని పద్నాలుగు అంగుళాలదే చూపించాను. "నీ మాట మీదనే కొంటున్న అన్నా," అని ఆమె దాన్ని చద్దరులో చుట్టించుకుని బస్సు మీదికి ఎక్కించుకుంది.

వారం తర్వాత గేమ్ తగిలించడానికి నేనే వెళ్లాను. లోపలి అర్ర నిండా మనుషులు. మల్లయ్య వెంట తాళ్లు ఎక్కినవాళ్లు. అతను పడ్డ కొత్తలో వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవారట. ఏం మాట్లాడాలో తెలియక తొందరగా లేచిపోయేవారట. ఇప్పుడు గేమ్ తగిలించగానే పిడి కోసం తోసుకుంటున్నారు.

"మల్లిగా, తాడిచెట్టు మీదికెళ్లి నువ్వు పడ్డవు గని బంతిని పడనియ్యవు గదరా," అన్నాడు ఒకతను.

"నీకు కింద నిలవడి కొట్టుడు రాదు. చెట్టు తెచ్చి నాటుదునా మరి?" అన్నాడు మల్లయ్య. అర్రంతా నవ్వింది. సోమక్క గడపలో నిలబడి, ఆయన నోట నవ్వులాట విని ఎన్ని రోజులైందో అని నాతో మెల్లగా అన్నది.

నాలుగు నెలలకు కబురొచ్చింది, బొమ్మ కనిపించడం లేదని. ఆ పల్లెలో కరెంటు పొద్దంతా ఎక్కువ, సాయంత్రం దీపం గుడ్డిగా వెలిగేంత తక్కువ. పగటి పూట ఎక్కువ వచ్చినప్పుడల్లా బూస్టర్ దాన్ని ఇంకా పెంచి ఆ తీగకు అందించింది. ట్యూబు మాడిపోయింది. అక్కడ స్టెబిలైజర్ లేకుండా బూస్టర్ నిలవదని నాకు ముందే తెలిసి ఉండాల్సింది.

వెనక మూత విప్పాను. సోమక్క పక్కన టార్చి పట్టుకుని నిలబడింది. ట్యూబు మెడకు కట్టి ఉన్న ఆ చిన్న డబ్బీని చూసి, "ఇదేందన్నా?" అని అడిగింది. సేటు చెప్పినట్టే అయినా ఇప్పుడు చెప్పాలి, అడిగింది కదా. "అది దాంట్లదే," అన్నాను.

ఆ తర్వాత అన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను. గేమ్ ఆడడం వల్లనే ట్యూబు కాలిపోయిందన్నాను. ఎప్పుడూ ఒకేచోట నిలిచే ఆ ఆట హద్దు గీతలు తెరను తినేస్తాయన్నాను. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు, అందుకే అంత బాగా అతికింది. నెలల తరబడి కదలని బొమ్మ ఉంచితే తెర మీద దాని మచ్చ పడుతుంది. కాని మచ్చ పడడం వేరు, ట్యూబు చావడం వేరు. ఆ అర్రలో ఈ తేడా తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

మల్లయ్య మంచం మీద నుంచి, "తప్పు నాదే మిస్త్రీ. నువ్వు ఏరి ఏరి తెచ్చిస్తే పొద్దుమాపు ఆడి ఖరాబ్ చేస్తి," అన్నాడు. నా ముందే సోమక్కతో గేమ్ పెట్టెలో పెట్టేయమన్నాడు. ముందరి అర్రలోని రంగుల టీవీకి తగిలిస్తే అది కూడా పోతుందేమోనని ఆయన భయం. నేను కాదనలేదు. చాయ తాగి బస్సెక్కాను.

ఎండాకాలంలో సోమక్క రేడియో సెల్లు కొనడానికి దుకాణానికి వచ్చింది. మల్లయ్య ఎట్లున్నడు అని అడిగాను. గేమ్‌ను తోటికోడలు మానుకోటలోని తన పుట్టింటికి పట్టుకుపోయిందని, ఇంట్లో పెద్ద టీవీ ఖరాబ్ అవుతుందేమోనని ఎవరూ వద్దనలేదని చెప్పింది. గీతవాళ్లు మళ్లీ రావడం మానేశారట. "వచ్చి ఏం జేస్తరన్నా? మొఖాలు మొఖాలు చూసుకునుడే," అన్నది. ఆమె గొంతులో నా మీద కోపం లేదు. ఉంటే బాగుండేది.

మరుసటి ఆదివారం మా ఇంట్లోని సొంత టీవీని, ట్యూబు బాగున్నదాన్ని, గోనెలో కట్టుకుని ఆ పల్లెకు పోయాను. మా ఇంటామె తిట్టింది, తిట్టనిచ్చాను. మల్లయ్య మంచం పక్కన కింద కూర్చుని బూస్టర్ సంగతి మొదటి నుంచి చెప్పాను. కట్టింది నేనని, అడిగినా చెప్పలేదని, గేమ్‌కూ ట్యూబు చావడానికీ సంబంధం లేదని.

అతను దూలాల వైపు చూస్తూనే విన్నాడు. తర్వాత, "గప్పుడు తెల్వక అన్నవా, తెల్సే అన్నవా?" అని అడిగాడు.

"తెల్సే," అన్నాను.

"మరి నాతోని తప్పైందనిపిచ్చుకున్నవు గదనే."

నేను గోనె ముడి విప్పాను. సోమక్క టీవీని స్టూలు మీద పెట్టమన్నది. మల్లయ్య వద్దనలేదు, పెట్టమనీ అనలేదు. వైరు తగిలించి బొమ్మ సరిచేసి వచ్చాను. గేమ్ కోసం మానుకోటకు మనిషిని పంపారు గాని, అప్పటికే అక్కడి పిల్లలు పిడుల వైర్లు తెంపేశారు. పిడులు ఇటు దొరికేవి కావు. అతుకు వేద్దామని రెండుసార్లు ప్రయత్నించాను, కుదరలేదు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఈ పనిలోనే ఉన్నాను. సేటుతో మాటా మాటా వచ్చి దుకాణం మారాను. పాత సెట్టు ఎవరికి ఏరి ఇచ్చినా స్విచ్ వేయకముందే వెనక మూత వాళ్ల ముందు విప్పి, ట్యూబు మెడ చూపించి, బూస్టర్ ఉంటే వేలు పెట్టి చెప్పేవాణ్ని. ఊరి కరెంటు ఎలా ఉంటుందో అడిగేవాణ్ని. కొన్ని బేరాలు పోయాయి. సెట్టు చెడిపోయిందని వస్తే, వాడినవాళ్లు ఏం చేశారని అడిగే ముందు నేను చేసిన పనిలో ఏది నిలవలేదో చూసుకునేవాణ్ని. మెకానిక్ చెప్పిన కారణం సరైనదో కాదో సెట్టు సొంతదారుకు తెలుసుకునే దారి లేదు. అతను దాన్ని నమ్ముతాడు, నమ్మి తన ఇంట్లో ఏదో ఒకటి బంద్ చేస్తాడు.