శాలువా ఇచ్చిన కొలువు

మా వైపు పల్లెల్లో మనిషికి శాలువా కప్పేది రెండే సందర్భాల్లో. కొలువు వచ్చినప్పుడు, కొలువు నుంచి దిగిపోయినప్పుడు. మధ్యలో ఎవడెంత మంచి పని చేసినా భుజం తట్టి పోతారే తప్ప శాలువా దాకా ఎవరూ రారు. బిజినేపల్లి పక్క ఊళ్లో జంగయ్య కొడుకు కురుమూర్తికి మాత్రం కొలువు రాకముందే శాలువా పడింది. గొడవంతా అక్కడే మొదలైంది.

కురుమూర్తి వనపర్తిలో కంప్యూటర్ డిప్లొమా చదివాడు. చదువైపోయి రెండో ఏడు నడుస్తున్నా పని దొరకలేదు. పొద్దున్నే బస్సెక్కి నాగర్‌కర్నూల్ పోయి, తనతో చదివిన జావేద్ నెట్ సెంటర్‌లో కూర్చునేవాడు. జావేద్ భోజనానికో నమాజుకో పోయినప్పుడు దుకాణం చూసుకోవాలి, దానికి బదులు మూలన ఉన్న పాత కంప్యూటర్ ఎంతసేపైనా వాడుకోవచ్చు. అదీ ఇద్దరి మధ్య ఒప్పందం.

ఆ రోజుల్లో కంప్యూటర్లో తెలుగు కనబడడమే గగనం. కనబడినా ఒత్తు ఒక దిక్కు, అక్షరం ఒక దిక్కు. దాన్ని బాగుచేద్దామని ఎక్కడెక్కడివాళ్లో నెట్‌లో ఒక గుంపుగా కూడారు. జీతం లేదు, బత్తెం లేదు. ఎవరైనా విప్పి సరిచేయగలిగేట్టు ప్రోగ్రామును అందరి ముందూ పెట్టారు. కురుమూర్తి అందులో దూరి, ఒత్తులు చెదిరిపోయే తప్పు ఎక్కడుందో వెతికి వెతికి పట్టుకున్నాడు. అంతటితో ఊరుకోక, "మా దాంట్లో తెలుగు డబ్బాలు డబ్బాలుగా వస్తోందండీ" అని అడిగిన ప్రతివాళ్లకూ ఏ మీట తర్వాత ఏ మీట నొక్కాలో తెలుగులోనే ఓపికగా రాసేవాడు. వాళ్లు తిరిగి "కురుమూర్తి గారూ, కుదిరింది, చాలా సంతోషం" అని రాసేవాళ్లు. ఊళ్లో జంగయ్య కొడుకును గారు అన్నవాడు అంతవరకూ పుట్టలేదు. ఆ ఒక్క మాట కోసమే మర్నాడు మళ్లీ బస్సెక్కేవాడని జావేద్ నవ్వేవాడు.

రెండువేల తొమ్మిది మొదట్లో ఆ గుంపువాళ్లు హైదరాబాదులో సభ పెట్టి, ఏడాదంతా నలుగురికీ అక్కరకొచ్చినవాళ్లను పిలిచి గౌరవించారు. అందులో కురుమూర్తి ఒకడు. చెక్క పలక మీద ఇత్తడి రేకు, రేకు మీద అతని పేరు. దానితో పాటు ఒక టీ షర్టు. చప్పట్లు కొట్టినవాళ్లలో పెద్ద పెద్ద ఇంజనీర్లున్నారు. పలకను ఒళ్లో పెట్టుకుని తిరుగు బస్సులో కూర్చున్నప్పుడు అతనికి కలిగిన సంతోషం దొంగ సంతోషమేమీ కాదు. చేసిన పనికే వచ్చింది, నిక్కంగా వచ్చింది.

జావేద్ ఊరుకోడు కదా! తన దుకాణానికి వచ్చే విలేకరి చెవిన వేశాడు. జిల్లా పేజీలో ఫోటోతో సహా పడింది: పాలమూరు యువకుడికి సాఫ్ట్‌వేర్ పురస్కారం. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇది పేపరే దాటి వచ్చిందాయె. పొద్దున చాయ్ హోటల్లో "కంపెనీ పిలిచిందంట" అన్నారు. సాయంత్రానికి "తీసుకున్నరంట" అయింది. ఎవరో ఒకరిద్దరు కాదేమో అని నసిగితే, జంగయ్య పక్క చేను రైతు బక్కయ్య గట్టిగా దబాయించాడు.

"నౌకరి ఇయ్యకుంట అవార్డు ఊకెనే ఎందుకిస్తరు? కంపెనోళ్లేమన్న తిక్కోళ్లా?"

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఆదివారం బడి ఆవరణలో సభ. సర్పంచి కురుమూర్తికి శాలువా కప్పి, ఆ ఊపులోనే జంగయ్యను కూడా పైకి పిలిచి ఇంకొకటి కప్పాడు. సుభద్రమ్మ భూమిని ఏళ్లుగా కౌలు చేస్తున్న మనిషి జంగయ్య. బోరున్న చెలక. రాళ్లేరి, గట్లు పోసి, దాన్ని మనిషిని చేసినట్టు చేశాడు. పెళ్లినాడు తప్ప మెడలో పూలదండ ఎరగడు. శాలువా జారిపోకుండా రెండు చేతులతో పట్టుకుని, ఎటు చూడాలో తెలియక నేల చూపులు చూస్తూ నవ్వుతున్నాడు. కింద తల్లి జములమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటోంది. "మన ఊరి మొట్టమొదటి సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఇప్పుడు మాట్లాడతడు" అని సర్పంచి మైకు చేతికిచ్చాడు.

అప్పుడే చెప్పాల్సింది. ఇది నౌకరి కాదయ్యా, మెచ్చుకోలు అని ఒక్క మాట. కురుమూర్తి నోరు తెరిచాడు కూడా. నాన్న ముఖం చూశాడు. "అందరికి దండాలు" అని మైకు ఇచ్చేశాడు. ఒరేయ్ పిచ్చి నాయనా, ముక్కూ మొహం తెలియనివాళ్లకు అర్థమయ్యేట్టు రాయగలిగినవాడివి, కన్నవాళ్లకు ఒక్క ముక్క చెప్పలేకపోయావా!

ఆ రాత్రి అన్నం దగ్గర జంగయ్య తన మనసులో మాట చెప్పాడు.

"ఇగ కౌలు ఇడిచిపెడ్త బిడ్డా. నడుము ఇరిగిపోతుంది. నీకు నౌకరైపాయె. ఉగాదినాడు సుభద్రమ్మకు చెప్పొస్త."

"జర ఆగు నాయినా, అంత తొందరేముంది?" అన్నాడు కురుమూర్తి.

"ఎన్నొద్దులు ఆగాలె? నువ్వేమో చెప్పుకోనీకి సిగ్గుపడ్తవు," అని జములమ్మ కొడుకు కంచంలో ఇంకో రొట్టె వేసింది.

కౌలు సంగతి మా దగ్గర కాయితం మీద నడవదు. ఉగాదినాడు భూమిగలవాళ్ల గడప ముందు చెప్పిన మాటే మాట. మళ్లీ ఉగాది దాకా దాన్ని విప్పే దారి లేదు. కురుమూర్తికి అది తెలుసు. ఆలోపు ఏదో ఒక కొలువు దొరక్కపోతుందా, అబద్ధం దానంతటదే నిజమైపోదా అని ఆశ. సభలో చప్పట్లు కొట్టిన ఇంజనీర్లందరికీ రాశాడు. అమెరికాలో బ్యాంకులు కూలుతున్న కాలం అది. ఎక్కడా కొత్తవాళ్లను తీసుకోవడం లేదు. ఒకాయన మాత్రం దాపరికం లేకుండా రాశాడు: "కురుమూర్తి గారూ, ఉన్నవాళ్లనే తీసేస్తున్నారు. నా సంగతే నాకు తెలియదు." గారు అయితే అందరూ అన్నారు. ఆ గారు కూడు పెట్టలేదు.

"అరె భాయ్, ఇయ్యాల్నే మీ నాయినకు చెప్పు," అన్నాడు జావేద్. "పేపర్ల ఏయించి నేను గలతీ చేసిన. కావాల్నంటే నేనే వచ్చి చెప్త."

"వద్దు భాయ్. నేనే చెప్త."

చెప్పలేదు. ఉగాది రానే వచ్చింది. తండ్రి వెంట తనూ పోతే దారిలోనైనా నోరు పెగలుతుందేమోనని బయల్దేరాడు. దారి పొడుగునా జంగయ్యే మాట్లాడాడు, మోకాళ్ల నొప్పుల గురించి, దవాఖానకు పోవడం గురించి. సుభద్రమ్మ అరుగు మీద అప్పటికే బక్కయ్య కూర్చుని ఉన్నాడు. ఆ బోరు భూమి మీద అతనికి ఎన్నాళ్ల నుంచో కన్ను.

జంగయ్య చెప్పిందంతా విని సుభద్రమ్మ అతన్ని కాదు, కొడుకును అడిగింది. ఒంటి చేత్తో సంసారం ఈదిన మనిషి, ఆమెకు మాటంటే మాటే.

"ఏం కుర్మూర్తీ, నౌకరి పక్కానేనా? వానలు పడ్డంక మల్ల మాకే కావాలె అంటే కుదరదు. బక్కయ్యకు మాటిస్తున్న."

తండ్రి గర్వంగా కొడుకు వైపు తిరిగాడు. బక్కయ్య ఊపిరి బిగబట్టాడు. తల ఊపడానికి నాలుకతో పనిలేదు. కురుమూర్తి తల ఊపాడు.

ఇంకేముంది, భూమి చేతులు మారింది. పై వారం పెబ్బేరు సంతకు తోలుకుపోయి ఎడ్లను కూడా ఇచ్చేశాడు జంగయ్య. ఖాళీ కొట్టంలో ఊడ్చేందుకు ఏమీ లేకపోయినా జములమ్మ కొన్నాళ్లు పొద్దున్నే చీపురు పట్టుకుని అటే పోయేది. ఎవరైనా "నౌకరిల ఎప్పుడు చేరుతడు?" అని అడిగితే "కబురొస్తదంట" అనేది. ఆ కబురు రాలేదు. ఎండలు ముదిరి పోయాయి, మృగశిర వచ్చింది, తొలి వాన పడింది. ఊరు ఊరంతా చేలల్లో ఉంటే, జంగయ్య ఒక్కడూ ఇంటి ముందు కూర్చుని మబ్బు వైపు చూస్తున్నాడు. వాన పడ్డాక ఇంట్లో కూర్చోవడం ఆయన జన్మలో అదే మొదలు. ఆ కూర్చున్న తీరు చూసి కురుమూర్తి ఇక ఆగలేకపోయాడు. పక్కన కూలబడి మొత్తం చెప్పేశాడు.

జంగయ్య అరవలేదు, కొట్టలేదు. ఒక్కటే అడిగాడు.

"మల్ల గా అవార్డు ఎందుకిచ్చిండ్రు?"

"మందికి సాయం చేసిన నాయినా. అందుకు."

"మందికి సాయం చేస్తివి," అన్నాడు జంగయ్య.

అంతే అన్నాడు. తిట్టినా బాగుండేది. కురుమూర్తి రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. సుభద్రమ్మ కాళ్లు పట్టుకుందాం పదమన్నాడు.

"ఏమని అడగాలె? నా కొడుకు అబద్ధమాడిండనా? బక్కయ్య ఇత్తనం గూడ ఏసె." జంగయ్య లేచి గుమ్మంలోకి తొంగిచూసి, భార్య వెనకవైపు ఉందని చూసుకుని గొంతు తగ్గించాడు. "ఇంకెవలికి ఎర్క?"

"జావేద్‌కు."

"వానితోనే ఆగాలె. మీ అమ్మకు అసలే తెల్వొద్దు, బతకది. పట్నం పో. ఏ పని దొరికితే గది చెయ్యి. నౌకరిల చేరిండనే అందరికి చెప్త."

తెల్లారి జములమ్మ కొడుకుకు బొట్టు పెట్టి, సద్ది కట్టి, ఎదురు రమ్మని పక్కింటి ముత్తయిదువను బతిమిలాడి మరీ సాగనంపింది. రోడ్డుకు పోయే బాట బక్కయ్య చేను పక్కనుంచే. చేను అంటే ఉగాది దాకా జంగయ్య చేసిందే. కూలివాళ్లు వంగి, బోరు నీళ్లతో ముందే వేసిన పత్తిలో గడ్డి తీస్తున్నారు. వాళ్ల మధ్య తండ్రి తలగుడ్డ చూసి కురుమూర్తి కాళ్లు ఆగిపోయాయి. గట్టు మీద నిలబడి బక్కయ్య ఎకసెక్కంగా అడుగుతున్నాడు.

"ఏం జంగన్నా, కొడుకేమో సాఫ్ట్‌వేరు, నువ్వేమో నా చేన్ల కూలికా?"

జంగయ్య నడుము నిలిపి నవ్వాడు.

"ఇంట్ల కూసుంటే పానం ఊకుంటలేదు తమ్మీ. వాడు ఒద్దనే మొత్తుకుంటుండు. నేనే ఇనకుంటొస్తి."

అంతలో బాట మీద కొడుకు కనబడ్డాడు. జంగయ్య అందరికీ వినబడేట్టు కేకేశాడు.

"ఇంకా ఈడనే ఉన్నవా? బస్సుకు యాళ్లైతుంది, పో బిడ్డా. మీ సార్లు ఎదురుచూస్తుంటరు."

ఎవరూ ఎదురుచూడని హైదరాబాదుకు కురుమూర్తి బస్సెక్కాడు.