యాపలదిన్ని బడిలో ఆదివారం డాక్టరు

మొన్న బుధవారం పొద్దున వార్డులో ఒకామెకు కుట్లు విప్పుతున్నప్పుడు ఆయన పోయారన్న కబురు వచ్చింది. సిస్టర్ తలుపు దగ్గర నిలబడి, "అక్కా, పెద్దసారు పోయిండ్రంట. ఇంట్లనే, కుర్చీల కూసున్నోరు కూసున్నట్టే" అంది. నా చేతిలో కత్తెర ఉంది. ఇంకా కొన్ని కుట్లు మిగిలి ఉన్నాయి. అవి తీసి, పట్టీ వేసి, ఇంటికి వెళ్ళాక ఎలా చూసుకోవాలో ఆమెకు చెప్పి, చేతులు కడుక్కుని బయటికి వచ్చాకే ఏడ్చాను. ఆయన దగ్గర పని నేర్చుకున్నదాన్ని, ఇంకోలా చేయడం నాకు రాదు.

ఆయన రాయచూరులో మా ఆసుపత్రి సర్జన్. తుంగభద్ర కాలువ కింద వరి పండించడానికి కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది. అలాంటి ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటాం. మల్లట్ దగ్గర ఒక క్యాంపులో పుట్టి పెరిగినా ఆయన మాటలో కోస్తా యాస చెక్కు చెదరలేదు. ఆ యాసతోనే ఉర్దూ మాట్లాడేవారు. వినేవాళ్ళు నవ్వితే తానూ నవ్వి, ఇంకాస్త మాట్లాడేవారు.

నేను ఫిజీషియన్ అసిస్టెంట్‌గా చేరిన రోజు ఆయన గదిలో జరిగిన మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ఇక్కడ ఏం చేస్తావమ్మా?" అని అడిగారు.

"ఎంబీబీఎస్ సీటు రాలేదు సార్. అందుకని ఈ కోర్సు..."

"రానిదాని సంగతి నేనడగలేదు కదా. నీకేం వచ్చో చెప్పు."

రోగి కథ విని రాసుకోవడం, పరీక్ష చేయడం, కుట్లు వేయడం, ఆపరేషన్‌లో పక్కన నిలబడి సాయం చేయడం వచ్చని చెప్పాను. గొంతు దానంతటదే కాస్త గట్టిపడింది.

"చూశావా, ఎంత ఉందో! రేపట్నుంచి ఎవరడిగినా ఇలాగే చెప్పు."

మర్నాటి నుంచి ప్రతి మంచం దగ్గరా నన్ను ఆయనే పరిచయం చేశారు. "ఈమె డాక్టరు కాదు, నర్సూ కాదు. ఫిజీషియన్ అసిస్టెంట్. నాకంటే ముందు మీ మాట వినేది ఈమే. నాతో చెప్పడం మర్చిపోయింది ఏదైనా ఉంటే ఈమెతో చెప్పండి." కన్నడ వాళ్ళకు కన్నడలో, ఉర్దూ వాళ్ళకు ఉర్దూలో అదే మాట. విసుగు లేదు, తొందర లేదు. అలా వినీ వినీ, ఆ పేరు చెప్పుకోవడానికి నాకున్న బెరుకు ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు.

నిలబడి రోగితో మాట్లాడేవారు కాదు. స్టూలు లాక్కుని కూర్చునేవారు. మధ్యాహ్నం నా డబ్బాలోంచి జొన్నరొట్టె, పల్లీల పొడి అడిగి తీసుకుని, "మా ఇంట్లో అన్నం తప్ప ఇంకోటి ఉంటుందని ఎవరికీ తెలీదమ్మా" అని తన కూర నా వైపు జరిపేవారు. కేసు చెబుతూ నేను "బహుశా" అన్నానంటే చెయ్యెత్తి ఆపేవారు. "కనిపించింది వేరు, అనుకున్నది వేరు. ముందు కనిపించింది చెప్పు."

రెండేళ్ళు గడిచాక మా మేనమామ మా ఊరు యాపలదిన్నిలో రోడ్డు పక్కన గది కట్టించి, నా పేరు ముందు డాక్టర్ అని బోర్డు రాయించాడు. నన్ను అడగలేదు. నేను సెలవుకు ఊరికి వెళ్ళినప్పుడు చూపించాడు.

"రాయచూరుల ఇంకొకరి కింద పనిచేసుడు ఎందుకు బిడ్డా? ఊర్లనే కూసో. అందరు నీ దగ్గరికే వస్తరు."

"నేను డాక్టర్ను కాదు మామా. సొంతంగ మందులు రాయొద్దు."

"గంత సదువు సదివినవ్. సూదులిచ్చెటోళ్ళు ఏం సదివిండ్రు? నీకేం తక్కువైంది?"

నాన్న ఆ బోర్డు వైపు చూసిన చూపులో ఆశ ఉంది. అదే నన్ను ఎక్కువ కష్టపెట్టింది. మర్నాడు సారుకు చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ఆయన "ఆదివారం మీ ఇంటికి భోజనానికి పిలుస్తావా?" అన్నారు.

వచ్చారు. తానే కారు నడుపుకుంటూ వచ్చారు. భోజనమయ్యాక నాన్న ధైర్యం చేసి అడిగాడు.

"సార్, మా ముసలోళ్ళకు సుస్తయితే బస్సెక్కి రాయచూరు పోవాలె. ఎంబడి ఇంకో మనిషి కూలి ఇడిసిపెట్టి పోవాలె. సదువుకున్న పిల్ల ఊర్ల ఉంటె సాయమైతది గదా? గిండ్ల తప్పేముంది?"

సారు మెల్లగా అన్నారు. "తప్పు లేదండీ. ఊరికి డాక్టరు కావాలి, మీరన్నది నిజం. కానీ మీ అమ్మాయి డాక్టరు కాదు. ఆ బోర్డు కింద కూర్చుంటే, కష్టపడి నేర్చుకున్న పనిని కూడా ఆమె దాచుకోవాల్సొస్తుంది. పొరపాటు జరిగితే ఆపడానికి పక్కన ఎవరూ ఉండరు. జబ్బుతో వచ్చినవాళ్ళకీ ప్రమాదమే, ఆమెకీ ప్రమాదమే."

నాన్న తల వంచుకున్నాడు. సారు నా వైపు తిరిగారు.

"ఏమ్మా, ఆదివారాలు నేనిక్కడికి వస్తే పేషెంట్లని ముందు నువ్వు చూసి పెడతావా?"

మామ ముఖం మాడ్చుకుని లేచిపోయాడు. కానీ ఆ పై ఆదివారం ఊరి పెద్దలను అడిగి, పేషెంట్లను చూడడానికి బడి తాళం తెచ్చింది మామే. బోర్డు ఏమైందో నేనడగలేదు.

నా ఉద్యోగమేమిటో మా ఊరికి ఆ బడి గదిలోనే అర్థమైంది. నాన్న వరండాలో నిలబడి వచ్చినవాళ్ళకు చెప్పేవాడు: "ముందుగాల మా బిడ్డకు చెప్పుర్రి. ఆమె అంత అర్సుకుంటది. ఆ తర్వాత సార్ చూస్తడు." ఒకసారి మోకాళ్ళ నొప్పి అని ఒక అవ్వ వచ్చింది. చెప్పవలసిందంతా చెప్పినట్టే చెప్పి, లేవకుండా కూర్చుంది. నేనూ తర్వాతి వాళ్ళను పిలవలేదు. కాసేపటికి కొంగు సర్దుకుంటూ, "ముట్లు ఆగి ఏండ్లయింది బిడ్డా. మల్ల రక్తం కనవడుతుంది. ఆ సార్‌కు ఎట్ల జెప్పాలె?" అంది. "నేను చెప్తా అవ్వా" అన్నాను. సారు విని, ఆ వారమే ఆమెను రాయచూరులో ఆడడాక్టరు దగ్గరికి పంపించారు. జబ్బు మొదట్లోనే దొరికింది. ఆపరేషన్ అయింది. ఈ ఏడు ఆ అవ్వ పత్తి ఏరడానికి వెళ్తోంది. దారిలో కనిపిస్తే నా రెండు చెంపలూ నిమిరి పంపిస్తుంది.

నిరుడు ఒక మధ్యాహ్నం, ఆపరేషన్ ముగిశాక, సారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. రెండు చేతులూ బల్ల మీద చాపారు.

"ఏం కనిపించిందో చెప్పు."

ఆయన ఏమడుగుతున్నారో నాకు తెలుసు. ఆ పొద్దున నేను ఎదురుగానే నిలబడి ఉన్నాను. చెప్పాను.

"కుడిచెయ్యి వణుకుతోంది సార్. ఇవాళ ముడి వేసేటప్పుడు దారం జారింది."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"అది నేను చెప్పేది కాదు సార్. నరాల డాక్టరుకు చూపించుకోండి. అప్పటిదాకా కత్తి పట్టొద్దు."

ఆయన గట్టిగా నవ్వారు. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. "నాకూ తెలుసమ్మా. కానీ ఇంకొకరి నోటి నుంచి వినాలనిపించింది. ఈ ఆసుపత్రిలో నాకిది చెప్పేవాళ్ళు లేరనుకున్నాను. ఉన్నారు."

ఆ వారం నుంచే ఆపరేషన్లన్నీ తన దగ్గర పనిచేసే చిన్న డాక్టరమ్మకు అప్పగించారు. చేతిని చూసుకుని దిగులుపడుతూ కూర్చోలేదు. ఓపీ చూశారు, ఆదివారాలు వచ్చారు. రాయడం కష్టమైతే ఆయన చెబుతుంటే నేను రాసేదాన్ని. ప్రతి చీటీ చదివి, కింద తనే వంకరగా సంతకం చేసేవారు.

క్యాంపులో, వరిమళ్ళ మధ్య, ఆయన్ను సాగనంపాం. మా ఊరివాళ్ళు ట్రాక్టర్ మీద వచ్చారు. మామ అందరికంటే ఎక్కువ ఏడ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు చిన్న డాక్టరమ్మ నా పక్కకు వచ్చి, ఆదివారం రాయచూరు నుంచి ఎప్పుడు బయల్దేరాలని కన్నడలో అడిగింది. ఎండ ముదరక ముందే అని చెప్పాను. సరే అంది.

నిన్న ఆదివారం ఆమె వచ్చింది. నేను ఆమెను వరుసలో కూర్చున్న వాళ్ళందరికీ పరిచయం చేశాను. పేరు చెప్పాను, ఆమెకు ఏం వచ్చో చెప్పాను. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. పని మొదలైంది. ఎప్పుడో తలెత్తి కిటికీలోంచి చూస్తే, పత్తి చేల మధ్య దారిలో ఒక ముసలాయన వస్తున్నాడు. ఎక్స్‌రే కవరు ఎండకు అడ్డంగా నెత్తి మీద పెట్టుకుని, ఒక చేత్తో పట్టుకుని, ఏ తొందరా లేకుండా, తాను వచ్చేసరికి మేమిక్కడే ఉంటామన్న నమ్మకంతో నడుస్తున్నాడు.