అంకాలమ్మ ముందుగది గోడలు

రాచర్ల దగ్గరి ఆ ఊళ్లో అంకాలమ్మ ఇంటి ముందుగదిలోకి అడుగుపెడితే మొదట కనిపించేవి పటాలు కావు, మేకుల రంధ్రాలు. లేత ఆకుపచ్చ గోడ నిండా స్ఫోటకం మచ్చల్లా ఉంటాయి. రంగు వేయించింది కొడుకు గోపి కాబట్టి వాడు వాటిని చూసినప్పుడల్లా తల పట్టుకుంటాడు. మార్కాపురం బజారులో కొన్న జలపాతం పటం వారం మొదట్లో తలుపు పక్కన ఉంటే వారం చివరికి టీవీ పైకి పోతుంది. ప్లాస్టిక్ పూలతీగ కిటికీ చుట్టూ తిరిగి తిరిగి అద్దం మెడలో పడుతుంది. ఫైబరుతో చేసిన జింక తలకాయ ఒకటుంది. దానికి ఇంతవరకూ స్థిరమైన చిరునామా లేదు.

ఇది ముసలిదాని షోకు అనుకునేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. షోకు కాదు. అంకాలమ్మకు ఉన్నది ఒకటే పంతం: మొగుడు ఆ ఇంట్లో కూర్చోవాలి.

వెంకటస్వామి బతుకంతా గొర్రెల వెనక నడిచినవాడు. ఎండల్లో నల్లమల అంచులు, కోతలయ్యాక కొమరోలు వైపు చేలు. ఇలాంటి బతుకు గురించి స్వేచ్ఛ అనీ, ఆకాశమే కప్పు అనీ రాసేవాళ్లు ఉంటారు. తడిసి బరువెక్కిన కంబళి కప్పుకుని మంద పక్కన కూర్చోవలసి వస్తే ఆ కప్పు ఎంత కారుతుందో తెలిసేది. వెంకటస్వామికి ఆ స్వేచ్ఛలో దక్కింది అరిగిన మోకాలు. గిద్దలూరు డాక్టరు నడక మానుకోమన్నాడు. మంద అమ్మేశారు. అప్పటినుంచి ఆయన బయట అరుగు మీదే. తిండికి లోపలికి వస్తాడు, చెయ్యి కడుక్కుని మళ్లీ రోడ్డు వైపు తిరిగి కూర్చుంటాడు. ఎక్కడ గొర్రె అరిచినా మెడ సాగుతుంది.

తప్పు గోడలదని అంకాలమ్మ తీర్మానించింది. బోడి గోడల మధ్య ఎవరు కూర్చుంటారు? అందుకే కొనడం మొదలుపెట్టింది.

"ఇట్ల చూడయ్యా, స్విచ్చి ఏస్తే నీళ్లు పారినట్లే ఉండాయి," అంది జలపాతం తెచ్చిన రోజున.

"ఏడివే ఆ నీళ్లు?"

"ఏడివైతే నీకేంది? బాగుండాయా లేదా?"

"గొర్రె దిగేదానికి దారి లేదు. అంతా బండలే," అని ఆయన అరుగు మీదికి పోయాడు.

అంతే, పటం ఇంకో గోడకు మారింది. నచ్చకపోవడానికి కారణం పటం కాదు, దాని చోటే అని ఆమెకు తోచింది. అలా తోచడంలో వింత లేదు. గొర్రెలవాళ్లు రైతు చేలో మందను ఒక్కచోటే ఆపరు. ఎరువు చేనంతా పడాలని రోజూ మంద చుట్టూ గుంజలకు కట్టిన వల ఊడదీసి పక్కకు జరుపుతారు. కాపురానికి వచ్చింది మొదలు ఆ గుంజలు పీకిందీ పాతిందీ అంకాలమ్మే. ఆ చేతులు ఇప్పుడు మేకులు పీకుతున్నాయి.

వెంకటస్వామి కిటికీలోంచి చూసి అననే అన్నాడు: "మందను అమ్మినా నీకు మందను జరిపే రోగం పోలేదే. ఆ జింకను ఇంగ పక్క చేలోకి తోలు."

కోడలు మహేశ్వరి పకపకా నవ్వింది. మాట నిజం కాబట్టి అంకాలమ్మకు ఒళ్లు మండింది.

ఆ మంటలోనే అటక మీది గోతం దించి పాత గంటలు బయటికి తీసింది. వాళ్లింట్లో పొట్టేలును అమ్మినా దాని మెడలో గంట అమ్మరు, విప్పుకుని ఉంచుకుంటారు. చింతపండు పెట్టి తోమితే బంగారంలా మెరిశాయి. ఎర్ర దారాలు కట్టి, మంచం పైన గోడకు వరసగా వేలాడదీసింది.

"అత్తా, ఇది సూపరు. పెద్ద హోటల్ మాదిరి ఉండాది," అని మహేశ్వరి ఫోన్లో వీడియో తీసింది.

వెంకటస్వామి భోజనానికి వచ్చి గంటల ముందు నిలబడిపోయాడు. ఒక్కోటి తాకి చూశాడు. "ఇది వంకర కొమ్ముదాని గంట. ఇది ఆ దొంగముండదానిది, ఊరికే సేలో పడేది," అన్నాడు. తిన్నాక బయటికి పోలేదు. గంటల కింద మంచం మీద ఒరిగాడు, కునుకు పట్టింది. అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంకాలమ్మ చప్పుడు చేయకుండా పోయి, హాయిగా పడుకోనీ అని ఫ్యాను పూర్తిగా పెంచింది.

చేసిన తప్పు అదే. మంద పడుకుంటే గంట మోగదు. మోగిందంటే మంద లేచిందన్నమాట: కుక్క వచ్చిందో, గొర్రెలు ఎవరి పంటలోనో పడ్డాయో. అంకాలమ్మే ఎన్నోసార్లు ఆ చప్పుడుకు లేచి పరుగెత్తిన మనిషి. కానీ గోడకెక్కాక అవి ఆమె కంటికి బొమ్మలైపోయాయి.

ఫ్యాను గాలికి గంటలు గలగలమన్నాయి. వెంకటస్వామి కళ్లు తెరవకుండానే లేచాడు. చేతికందినది పట్టుకుని, "హోయ్, హోయ్! సెనక్కాయ సేలో పడినాయి!" అని అరుస్తూ గుమ్మం దాటాడు. మెట్ల దగ్గర మోకాలు సహకరించలేదు, కూలబడ్డాడు.

"యాడికి మామా, పొరక పట్టుకోని?" మహేశ్వరి నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాతే లేపడానికి పరుగెత్తింది.

ఆయన తన చేతిలోని చీపురు వైపు చూశాడు. రోడ్డు మీద ఆటోలోవాళ్లూ చూశారు. కాసేపటికి కొమరోలు దగ్గర మంద కాస్తున్న బామ్మర్ది కొండయ్యకు ఫోన్ చేశాడు. "రేపు పొద్దున్నే బండేసుకోని రా. నడవలేకపోతే మంద కాడ కూర్చోనన్నా కూర్చుంటా. ఈ ఇంట్లో గోడలు అరుస్తాండాయి."

అంకాలమ్మ స్టూలు వేసుకుని గంటల మీద చెయ్యి వేసింది.

"తీయొద్దు," అన్నాడు వెంకటస్వామి గుమ్మంలోంచి.

"మళ్లా మోగితే?"

"గాలి తగలని తావున పెట్టు."

"అది ఏడుండాదో నాకేం తెలుసు?"

"నీకేం తెలుసులే." లేచి కుంటుకుంటూ లోపలికి వచ్చి, వేలు తడిపి గోడ పొడవునా పట్టుకుంటూ పోయాడు. అడవిలో గాలి ఎటు కొడుతోందో అలాగే చూసేవాడు. గాలి తగలనిది తలుపు వెనక మూలేనని తేలింది. అక్కడితో ఆగలేదు. జలపాతం మీద కిటికీ వెలుతురు కొట్టి ఏమీ కనిపించడం లేదన్నాడు. జింక మొహం గుమ్మం వైపు ఉంది, లోపలికి తిప్పమన్నాడు.

"ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్న్యావు?" అంటూనే ఆమె అన్నీ మార్చింది. ఆయన మాత్రం ఆ రాత్రే ప్రయాణానికి సంచి సర్దుకున్నాడు.

తెల్లవారి కొండయ్య వచ్చాడు. "బావా, ఎండెక్కుతాది, రా!" అని హారన్ కొట్టాడు. వెంకటస్వామి పెరట్లో మొహం కడుక్కుంటున్నాడు. ముందుగదిలో అంకాలమ్మ ఒక్కతే ఉంది. ఆమె దేవుడికి మొక్కలేదు, కళ్లు తుడుచుకోలేదు. జింక తలకాయను రెండు వేళ్లతో పక్కకు వాల్చింది. చాలదేమో అనిపించి, జలపాతానికి ఒకవైపు మేకు కూడా వదులు చేసింది. వంటింట్లోకి పోయి ఊరికే గిన్నెలు సర్దింది.

ఆయన సంచి తీసుకుని గది దాటాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"ఏమే, ఈ జింక వాలింది."

"వాలనీ. పోయేవానికి నీకెందుకు?"

"నీళ్లు కూడా వాలినాయి. మేకు సరిగ్గా కొట్టలేదు నువ్వు. స్టూలు తే."

బయట మళ్లీ హారన్ మోగింది. "నువ్వు పో కొండయ్యా, నేను సాయంత్రం బస్సుకొస్తా."

"బస్సు దిగినాక మంద కాడికి నడవాల బావా, ఆ కాలుతో ఎట్ల?"

"చూద్దాంలే."

బండి వెళ్లిపోయింది. అంకాలమ్మ స్టూలెక్కి పటం పట్టుకుంది. సరిగ్గా ఉందో లేదో చూడాలంటే దూరం నుంచి చూడాలి కాబట్టి వెంకటస్వామి సంచి కింద పెట్టి మంచం మీద కూర్చున్నాడు.

"ఇంకొంచెం పైకి."

"ఇట్లనా?"

"అట్ల కాదు, పైకి."

గోడ వైపు తిరిగి ఉన్న అంకాలమ్మ పటాన్ని ఇంకాస్త కిందికి దించింది.